భూతాల పుస్తకాన్ని మూడు ముక్కలు చేసిన ఏడాది

మా ఇంట్లో దాన్ని భూతాల పుస్తకం అనేవాళ్ళం. అసలు పేరు ఇంగ్లీషులో పొడుగ్గా ఉండేది. ఆదివారం మధ్యాహ్నాలు ఆమదాలవలసలో మా అరుగు మీద చేరేవాళ్ళకు ఆ పేరుతో పని పడలేదు. చేరేది మా తమ్ముడు, వాడి స్నేహితులిద్దరు. ఒకతను మా వీధి చివర ధాన్యం కొట్టు చూసుకునేవాడు. ఇంకొకతను భావనపాడు నుంచి వచ్చేవాడు, వాళ్ళది చేపల వ్యాపారం. గుమ్మం లోపల కూరలు తరుక్కుంటూ నేను.

ఆ ఆటకి బల్ల, పాచికలు, కాసిన్ని కాగితాలు చాలు. ఒకడు కథ చెబుతూ నడిపిస్తాడు, మిగిలినవాళ్ళు అందులో వీరులు. దారిలో భూతం అడ్డం వస్తే పాచికలు వేసి దానితో తలపడాలి. ఏ భూతం ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, దేనికి బెదురుతుంది, అన్నీ బొమ్మలతో సహా ఆ పుస్తకంలో ఉంటాయి. కథ నడిపేది మా తమ్ముడు. వాడి కథలో వీరులు సముద్రపు ఒడ్డున బయల్దేరి, వరిచేల గట్ల మీదుగా, పాతపట్నం అవతలి కొండల్లాంటి కొండలకి పోతున్నారు. అక్కడ ఏదో ఉంది. ఏముందో వాడికి తప్ప ఎవరికీ తెలియదు.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఎడమ కాలి బలం తీసుకుపోయింది. బడేమో రైలు పట్టాల అవతల. తెలుగు మా తాతయ్య పారాయణ పుస్తకం ముందు కూర్చోబెట్టి నేర్పాడు. ఇంగ్లీషు మా తమ్ముడు నేర్పాడు. సాయంత్రం బడి నుంచి వచ్చి, సంచీ విప్పి, ఆ రోజు వాడికి చెప్పిన పాఠమే నాకు చెప్పేవాడు. నేను తప్పు చదివితే వాళ్ళ మాస్టారిలా గొంతు మార్చి, “అప్పా, గోడకుర్చీ వెయ్యి” అనేవాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. వాడు ఒక్కొక్క తరగతే దాటుతుంటే వెనకాలే నేనూ దాటాను. దీపం పెట్టినప్పుడు దేవుడికి చెప్పుకునే కృతజ్ఞతల్లో నాకు అది మొదటిది.

వాడికి కిడ్నీలు పాడయ్యాయి. మా అమ్మ పుట్టిల్లు ఉద్దానం. అమ్మ, మేనమామ ఇద్దరూ ఆ ఊళ్ళని పట్టిన ఈ జబ్బుతోనే పోయారు. నీళ్ళో, మట్టో, ఏదో, తేల్చి చెప్పినవాళ్ళు లేరు. నాది ఇస్తానన్నాను. పరీక్షలు చేసి, నావీ అంత బాగా లేవన్నారు. ఇక రోజు విడిచి రోజు బస్సెక్కి డయాలసిస్‌కి. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు మూసేశాడు. ఆదివారం ఆట మాత్రం మానలేదు.

అలాంటి రోజుల్లో ఆ కబురు తెలిసింది. ఎన్నాళ్ళుగానో ఊరిస్తున్న కొత్త భూతాల పుస్తకం ఒక్కటిగా రావటం లేదు, మూడు భాగాలుగా వేస్తారట. మొదటి దాంట్లో నీళ్ళలో ఉండేవి. మరుసటేడు అడవులవీ కొండలవీ. ఆపై ఏడు పాతాళంలోవీ, చచ్చి లేచినవీ. ఆ ఆట ఆడేవాళ్ళ గుంపు ఒకటి ఫోన్లో ఉండేది, ఏయే దేశాలవాళ్ళో. అందులో పెద్ద గొడవ లేచింది. మా అరుగు మీదా లేచింది.

“ఇది మోసం బావా,” అన్నాడు ధాన్యం కొట్టు అతను. “ఒక పుస్తకాన్ని ముక్కలు సేసి మూడుసార్లు అమ్ముతారేటి? పెసరపప్పూ కందిపప్పూనా, ఏటికాటి పొట్లం కట్టడానికి?”

భావనపాడు అతను ఒప్పుకోలేదు. “అంత లావుది ఎవులు మోస్తారు? నీ బాబా? ఉన్నదానికే అట్ట ఊడిపోనాది. మా ఊరి గాలికి జిగురు ఆగదు, పేజీలు పీతల్లాగ తలో దిక్కూ పోతాయి.”

“ఓహో. మరి యుద్ధం మద్దెలో ఆ భూతం ఏ పుస్తకంలో ఉన్నాదో ఎతుకుతావుంటే, అందాకా అది కుర్సీ ఏసుకుని కూకుంటాదేటి?”

“కూకుంటాది,” అన్నాడు మా తమ్ముడు. “మా అప్ప టీ కూడా ఇస్తాది దానికి. నాకైతే మూడే బాగున్నాది.”

“నీకెలగ బాగుంటాది? నీ కథంతా కొండల్లో ఉన్నాది. ఆ కొండల పుస్తకం వచ్చీసరికి నువ్వు...”

అతను ఆగిపోయాడు. భావనపాడు అతను వీధి వైపు తల తిప్పుకున్నాడు.

“సెప్పరా, ఆపీసినావేటి?” అన్నాడు మా తమ్ముడు. కోపం లేదు వాడి గొంతులో. “అప్పటికి నానుంటానో నేదో, అంతే గదా. అందుకే నాకు మూడు కావాల. అన్నీ ఒకేపాలి సేతిలో ఎట్టీస్తే సదివీసి మూసీడమే. ఎనక ఇంకోటి వస్తాదంటే, ఆ ఏడాదంతా నాకో పనుంటాది.”

“ఏటా పని?”

“ఎదురుసూడ్డం. అది పని కాదేటి?”

ధాన్యం కొట్టు అతను పాచికలు గుప్పిట్లో బిగించాడు. “నీకు ఎదురుసూడ్డం కావాల. మాకేమో నువ్వన్నీ సూసీడం కావాల. నాను మాత్రం ఒకటే పుస్తకం అంటాను. ఆ గుంపులో కూడా అదే రాస్తాను, తిడితే తిట్టుకో.”

రాశాడు కూడా. తనకి వచ్చిన ఇంగ్లీషులో రోజూ రాసేవాడు. ఎదటి పక్షంలో మా తమ్ముడు రాసేవాడు. ఎక్కడో ఉన్నవాళ్ళకి ఈ ఇద్దరూ ఒకే అరుగు మీద ఒకే పళ్ళెంలో పకోడీలు తింటూ కొట్టుకుంటున్నారని తెలియదు.

నేను వాళ్ళ మాటల్లోకి మామూలుగా వెళ్ళను. ఆ ఆదివారం వెళ్ళాను. తాతయ్య ఏడు రోజుల పారాయణ చేసేటప్పుడు ఏ పూటకి ఎక్కడ ఆపాలో ఒక పద్ధతి ఉండేది. రాక్షసుడు గెలిచిన చోట, మంచివాళ్ళు ఏడుస్తున్న చోట ఆపేవాడు కాదు. గొంతు పోయినా సరే, కాస్త వెలుగు కనబడేదాకా చదివి అప్పుడు హారతి ఇచ్చేవాడు. వినేవాళ్ళు ఆ మాటతో ఇంటికి వెళ్ళి పడుకోవాలి కదా అనేవాడు. “పుస్తకం లావు చూసి విడగొట్టకూడదు నాయనా. మొదటి భాగం ఏ భూతంతో ఆపుతున్నారో కనుక్కున్నారా?” అని అడిగాను. ఎవరికీ తెలియదు. మా తమ్ముడు చప్పట్లు కొట్టి, ఆ మాట ఇంగ్లీషులోకి మార్చి గుంపులో పెట్టాడు. కొందరు ఎగతాళి చేశారట. ఒకావిడ మాత్రం మీ అక్కగారికి నమస్కారం చెప్పండి అని రాసిందట. ఆవిడ ఎవరో, ఏ దేశమో. బాగుండాలి.

మాఘమాసం ఆదివారాలు అరసవల్లి సూర్యుడి గుడికి వెళ్ళాను. ఆయుష్షు ఇమ్మని గట్టిగా అడగటానికి నాకు నోరు రాలేదు, అమ్మ విషయంలో అడిగి చూశాను కనుక. కొండల పుస్తకం దాకా ఉంచు స్వామీ అని మాత్రం అడిగాను.

మొదటి భాగం పార్సిల్లో వచ్చింది. కొత్త పుస్తకం ఇంటికి వస్తే మూలకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దేవుడి దగ్గర ఉంచి తీయటం మా అలవాటు. కళ్ళద్దాలు లేకుండా చేశాను. అట్ట మీద సముద్రంలోంచి లేస్తున్న ఆడ భూతం ముఖం ఉంది. నా కుంకుమ సరిగ్గా దాని నుదుట పడింది.

“ఓలమ్మో,” అన్నాడు భావనపాడు అతను. “అప్ప దీనికి బొట్టెట్టీసినాది! ముత్తైదువైపోనాది. ఇక దీన్నెలగ నరుకుతాం?”

“నరకొద్దు,” అని తీర్పు చెప్పాడు మా తమ్ముడు. “ఎదురైతే దండం ఎట్టి, దారడగండి.”

వాడి కథలో ఆ ఒక్క భూతాన్నీ ఎవరూ కొట్టలేదు. వీరులు పడవ ఆపి దారి అడిగారు. అది చెప్పింది. దాని గొంతు వాడు అచ్చం మా మేనత్త గొంతులా పలికితే, ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు. వాడు అంతలా నవ్వగా నేను చూసింది అదే ఆఖరు.

బీపీ కళ్ళకి చేరింది. వానాకాలం వచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోతున్నాయన్నాడు. అప్పటినుంచి డయాలసిస్ గదిలో వాడి పక్కన స్టూలు మీద కూర్చుని నేనే చదివేదాన్ని. ఇంగ్లీషు వాక్యం చదివి, వెంటనే తెలుగులో చెప్పేదాన్ని. మిషన్ల చప్పుడులో గొంతు కాస్త పెంచాల్సి వచ్చేది. అలా మిగిలిన మంచాల వాళ్ళకీ వినబడింది.

“ఏటమ్మా అది, ఏ పురాణం?” అని అడిగాడు పక్క మంచం మీది పెద్దాయన. పొందూరు వైపు రైతు.

“భూతాల కథలు పెద్దాయనా.”

“మరి దేవుడెప్పుడొస్తాడు?”

“ఈ బాగంలో రాడు తాతా,” అన్నాడు మా తమ్ముడు. “ఇంకా రెండున్నాయి.”

అక్కడా మొదలైంది తగువు. నేను ఒక భూతం మధ్యలో పుస్తకం మూస్తే పెద్దాయన ఊరుకునేవాడు కాదు. “ఆపీకమ్మా. మిగతాది కూడా సెప్పీ. ఎల్లుండి నానొస్తానో రానో.”

ఎదురు మంచం మీద చేపలమ్మే ఆవిడ ఉండేది. “నువ్వూరుకో తాతా. నీకన్నీ తొందరే,” అనేది. “ఎల్లుండికి కూసింత ఉంచమ్మా. ఏదో ఒకటుంటేనే గదా ఆ బస్సెక్కబుద్దేస్తాది.”

మా తమ్ముడు కళ్ళు మూసుకుని నవ్వుకునేవాడు. “సూసినావా అప్పా? ఇక్కడ కూడా రెండు పార్టీలైపోనాయి.”

ఒకరోజు వెళ్ళేసరికి పెద్దాయన మంచం మీద ఇంకెవరో కుర్రవాడు పడుకుని ఉన్నాడు. ఎవరినీ అడగలేదు, చేపలావిడ తల అడ్డంగా ఊపింది. కిందటిసారి బురదలో పొంచి ఉండే భూతం దగ్గర ఆపాను. అది ఎలా చస్తుందో ఆయనకు చెప్పనే లేదు. పుస్తకం తీసి అక్కడినుంచే మొదలుపెట్టాను. అది ముగిశాక మూయబోతే మా తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఆపకప్పా. అన్నీ సదివీ.”

“మరి ఎల్లుండికి?”

“ఎల్లుండికి వద్దు. ఇయ్యాలే కానీ.”

చేపలావిడ కూడా అడ్డు చెప్పలేదు. మిషను ఆగేలోపు మొదటి భాగం చివరి పేజీ దాకా చదివేశాను. గొంతు బొంగురుపోయింది. ఆఖరి భూతం ఒక చిన్న నీటిపక్షి, ఎవరికీ హాని చెయ్యదు, తుఫానుకి ముందు అరుస్తుంది, అంతే. అక్కడ ఆపారంటే ఆ పుస్తకం వేసినవాళ్ళలో తాతయ్యలాంటివారు ఎవరో ఉన్నారనుకున్నాను.

తర్వాత వాడు రెండో భాగం సంగతి రోజూ అడిగేవాడు. దాని అట్ట బొమ్మ ఫోన్లో వచ్చింది. నేను చూసి చెప్పాను: కొండ, పొగమంచు, చెట్ల మధ్య కూర్చున్నది ఏదో, రాయిలా ఉంది, కానీ చూస్తోంది.

“కోపంగా సూస్తన్నాదా?”

“లేదురా. ఎవరికోసమో చూస్తున్నట్టుంది.”

“అయితే అదే,” అన్నాడు. వాడి కథలో కొండ మీద ఉన్నది అదేనని నాకు అర్థమైంది. ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు, ఆదివారం అరుగు మీద చెబుతాడు కదా అని.

ఆ ఆదివారం రాలేదు. డయాలసిస్ లేని రోజు, పొద్దున్నే, కాఫీ చల్లారనీ, తాగుతానన్నాడు. చల్లారింది. వాడు తాగలేదు.

స్నేహితులిద్దరూ వాణ్ణి మోశారు. దినాలు అయ్యేదాకా రోజూ వచ్చారు. ఆ తర్వాత ఒకనాటి సాయంత్రం ధాన్యం కొట్టు అతను ఒక్కడే వచ్చి, చెప్పులు విప్పకుండా మెట్టు మీద నిలబడ్డాడు.

“గెలిసినామప్పా,” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. గుంపులో అంతమంది మొత్తుకునేసరికి పుస్తకం వేసేవాళ్ళు దిగివచ్చారట. మిగిలిన రెండు భాగాలూ కలిపి ఒకే పుస్తకంగా, అనుకున్నదానికంటే ముందే తెస్తారట. వచ్చే నెలేనట. చెబుతూ చెబుతూ అతను మెట్టు మీద కూలబడిపోయాడు.

“మొదట్నించీ ఒకటే ఏసుంటే బావ సూసీవోడు. నాను సెప్తనే ఉన్నాను. సెప్తనే ఉన్నాను గదప్పా.”

అతని వీపు మీద చెయ్యి వేశాను. ఒకేసారి వచ్చి ఉంటే వాడు కొండ దాకా వెళ్ళేవాడు, నిజమే. మరి రెండోది వస్తుందనే ఆశ లేకపోతే ఆ వానాకాలం అన్నిసార్లు బస్సెక్కేవాడా? ఇప్పటికీ నాకు తెలియదు. కొండల పుస్తకం దాకా అని అడిగాను, ఒక నెల తక్కువగా దొరికింది. దొరికినదానికి దండం పెట్టుకుంటున్నాను. పెట్టుకుంటూనే ఏడుస్తున్నాను. రెండూ ఒకేసారి ఎలా అవుతాయో నాకు ఎవరూ నేర్పలేదు.

“తెప్పించుకో నాయనా,” అన్నాను. “నీ దగ్గరే ఉంచుకో. మీరిద్దరూ ఆడుకోండి.”

“ఇద్దరం ఏటాడతాం? కథ నడపడానికెవులున్నారు?” మొహం తుడుచుకున్నాడు. “కొండ మీద ఏటున్నాదో నీకేమైనా సెప్పినాడా?”

చెప్పలేదని అనబోయాను. అట్ట బొమ్మ గుర్తొచ్చింది, అయితే అదే అన్న వాడి గొంతు గుర్తొచ్చింది.

“కొంచెం తెలుసు,” అన్నాను.

అతను తలెత్తి చూశాడు. “అయితే నువ్వే నడపాల. ఈ ఆదివారం రమ్మంటావేటి?”

“ఈ ఆదివారం వద్దు నాయనా. నా వల్ల కాదు.”

అతను సరేనని లేచాడు. గేటు దాకా వెళ్ళాక పిలిచి, పుస్తకం వచ్చాక ఒకసారి తీసుకురమ్మన్నాను.