ఆకు కింద నీలి చుక్కలు

మా ఆయన లెక్కలో మందు కొట్టడమంటే ఆకు కొసల నుంచి నీళ్లు కారాలి. కారకపోతే కొట్టనట్టే. జూలూరుపాడు అవతల, అడవి అంచున ఉన్న మా మిరప చేలో ఏళ్ల తరబడి చేతి పంపు ట్యాంకు వీపున వేసుకుని అలాగే కొట్టాడు. కిందటేడు కొడుతూ కొడుతూ సాలు మధ్యలో కూలబడ్డాడు. పురుగుమందు ఒంట్లోకి ఎక్కిందని, ఇక దాని జోలికి పోవద్దని దవాఖానాలో డాక్టరు గట్టిగా చెప్పాడు.

అందుకే ఈసారి డ్రోన్ కిరాయికి పిలిచాను. నడిపేది మా మహిళా సంఘంలో శిక్షణ తీసుకున్న అమ్మాయి. గ్లాసులో టీ చల్లారేలోపు చేనంతా చల్లేసి వెళ్లిపోయింది. మా ఆయన వంగి ఆకులు తడిమి చూశాడు.

“ఆకు తడవనే లేదు. గిదేం మందు కొట్టుడు?”

తెల్లారి లేచి చూస్తే మంచం మీద మనిషి లేడు. చేలో ఉన్నాడు, డ్రోన్ కొట్టిన మందు మీద మళ్లీ కొడుతూ. నాకు ఒళ్లు మండిపోయింది. ట్యాంకు గుంజి గట్టు మీద పడేశాను.

“నువ్వు పోయినంక ఈ మిరపకాయలు నేనేం జేసుకోవాలె?” అన్నాను. అని, అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఆయన పక్కన కూర్చున్నాడు. “పురుగు ఆకు కింద ఉంటది. పైపైన చల్లితే దానికేం తగుల్తది?”

మొండివాడే కానీ ఆ మాట తీసిపారేసేది కాదు. అమ్మాయిని మళ్లీ పిలిపించాను. పాత పంచె చింపి, పీలికలు కొన్ని చెట్ల పైన, కొన్ని కింది ఆకుల అడుగున కట్టాం. మందు లేకుండా బట్టల నీలం కలిపిన నీళ్లు చల్లించాం. పైవాటి మీద చుక్కలు పడ్డాయి, కిందివి తెల్లగానే ఉన్నాయి.

“అవ్ బాబాయ్, నువ్వన్నదే నిజం. ఎత్తు ఎక్కువైంది. కిందికి దించి మెల్లగ నడుపుతా” అంది అమ్మాయి.

ఈసారి కింది పీలికల మీద కూడా సన్నని నీలి చుక్కలు పడ్డాయి. ఆయన ఒకటి విప్పి వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

“కారలే. కానీ అందింది” అన్నాడు.

తర్వాత మందు కొట్టిన రోజు ఇద్దరం దూరంగా గట్టు మీద నిలబడ్డాం. డ్రోన్ తిరుగుతోంది. ఆయన వీపున ఏమీ లేదు. ఎడమ చేయి మాత్రం పంపు కొడుతున్నట్టు పైకీ కిందికీ ఆడుతూనే ఉంది. నేను ఆ చేయి పట్టుకున్నాను. అప్పుడు ఆగింది.