లైట్‌హౌస్ తాతకు చెప్పాల్సిన మాట

కళ్లద్దాల దుకాణంలో అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టే ఆవిడను అందరూ అద్దాలక్క అంటారు. భర్త పోయిన వారానికే వచ్చి యంత్రం ముందు కూర్చుంది. చెయ్యి వణకలేదు. ఒక్క అద్దమూ పగల్లేదు. "ఏం గుండె తల్లీ!" అని వీధంతా ముక్కున వేలేసుకుంది. లోకానికేం? ఏడిస్తే అతి అంటుంది, ఏడవకపోతే రాయి అంటుంది. దాని నోటికి మూత వేసిన మొనగాడు ఇంకా పుట్టలేదు.

నిజానికి ఆమెది గుండెనిబ్బరమూ కాదు, పాడూ కాదు. ఆమెకు ఏమీ అనిపించడం లేదు, అంతే. పళ్ల డాక్టరు సూది వేశాక పెదవి మనదో కాదో తెలియదు చూడండి, ఒళ్లంతా అలా ఉండేది. కూర మాడితే మాడిన కూరే తినేది. ఎవరైనా పలకరిస్తే "బాగున్నా" అనేది.

ఆయన ఓ ఉదయం మెట్ల మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంటూ పక్కకు ఒరిగిపోయాడు. ఆమె వంటింట్లోంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆడపడుచు ఫోను అందుకుని చుట్టాలకూ, ఆయన పనిచేసే ప్రెస్సుకూ, ఆయన సరదాగా వెళ్లే హామ్ రేడియో క్లబ్బుకూ తనే చెప్పింది. ఆ తర్వాత గుమ్మంలోకి వచ్చినవాళ్లంతా సంగతి తెలిసే వచ్చారు. కాబట్టి ఆయన చనిపోయారన్న మాట అద్దాలక్క తన నోటితో ఎవరికీ చెప్పాల్సి రాలేదు. ఆ మాటా రాలేదు, ఏడుపూ రాలేదు.

ఆడపడుచుకు అదే కడుపుమంట. "మా అన్నయ్య పోతే నీ కంట చుక్క నీరు రాలలేదు. ఇన్నేళ్లూ ఎవరితో కాపురం చేశావు వదినా?" అని మొహం మీదే అడిగేసి, మాటలు మానేసింది. అద్దాలక్కకు మిగిలిన సొంత మనిషి ఆ ఒక్కతే. ఆ ఒక్కతీ చెయ్యి జారిపోతోందని తెలుస్తూనే ఉంది. తెలిసినా చీమ కుట్టినట్టయినా లేదు. ఇక తానెప్పటికీ ఇంతేనేమో అని మాత్రం అప్పుడప్పుడు భయం వేసేది.

ఇంతలో ఏటా జరిగే రేడియో క్లబ్బుల పోటీ వచ్చింది. అదో పిచ్చి సంబరం. ఇళ్లలో శుభ్రంగా కరెంటూ కుర్చీలూ పెట్టుకుని, ఊరి బయట గుట్టెక్కి టెంటు వేస్తారు. కర్రలకు యాంటెనా తీగ కట్టి, జనరేటరు పెట్టుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తమలాగే సొంత రేడియో స్టేషన్లు పెట్టుకున్నవాళ్లను ఎక్కడెక్కడినుంచో పిలుస్తారు. ఎంతమంది పలికితే అన్ని పాయింట్లు. అసలు తమాషా ఏమిటంటే, ఎవరు పలికినా "ఫైవ్ నైన్" అనాలి. మీ గొంతు గంట కొట్టినట్టు వినిపిస్తోంది అని దానర్థం. వినపడి చావకపోయినా అదే మాట. "ఫైవ్ నైన్, ఏమన్నారో మళ్లీ చెప్పండి" అనే ఘనులు వీళ్లు!

ఏటా ఆయన మైకు పట్టుకునేవాడు, ఎవరెవరు పలికారో ఆమె లాగ్‌బుక్కులో రాసేది. ఆమెకూ రేడియోలో మాట్లాడే లైసెన్సు ఉంది కదా అని ఈసారి ప్రెసిడెంటు బాబాయి, రైలింజను నడిపి రిటైరైన పెద్దమనిషి, ఆమెను మైకు ముందు కూర్చోబెట్టాడు. పలికినవాళ్ల వివరాలు ఎక్కించడానికి టైపింగులో చెయ్యి తిరిగిన ఆడపడుచును బతిమాలి తెచ్చాడు. వదినా మరదళ్లు ఒకే బల్ల దగ్గర, మధ్యలో ల్యాప్‌టాప్. అవసరమైన ముక్క తప్ప మాట లేదు.

అద్దాలక్క దంచేసింది. ఫైవ్ నైన్, థాంక్యూ. ఫైవ్ నైన్, థాంక్యూ. తడబాటు లేదు, అలుపు లేదు. "ఈసారి పక్క క్లబ్బు వాళ్ల పని సరి!" అని బాబాయి చంకలు గుద్దుకున్నాడు.

పొద్దు వాలుతుండగా గరగరల మధ్య ఓ ముసలి గొంతు వచ్చింది. లైట్‌హౌస్ తాత. ఎక్కడో దీవిలో దీపస్తంభం దగ్గర ఉంటాడు. ఆయన్ని ఎవరూ చూడలేదు, ఫోను నంబరు ఎవరికీ తెలియదు, ఏడాదికోసారి గాల్లోనే పరిచయం. భర్తా ఆయనా పోటీ మరిచి కబుర్లాడి బాబాయి చేత చీవాట్లు తినేవారు.

"ఫైవ్ నైన్ అమ్మాయ్! మావాడేడీ? ఎలా ఉన్నాడు?"

"ఫైవ్ నైన్, థాంక్యూ" అంది అద్దాలక్క.

తాత పకపకా నవ్వాడు. "ఫైవ్ నైనా! బతికించావు. ఉంటానమ్మా!" అని వెళ్లిపోయాడు.

ఆడపడుచు చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. "వదినా, ఏం చెప్పావో తెలుసా? అన్నయ్య దివ్యంగా ఉన్నాడని చెప్పావు."

అద్దాలక్క మైకు కింద పెట్టింది. తర్వాత డయలు తిప్పడం మొదలెట్టింది.

"అయ్యో అయ్యో, ఫ్రీక్వెన్సీ వదిలేస్తున్నావేమిటే తల్లీ! ఆ చోటు ఎవడో తన్నుకుపోతాడు! ఒకే స్టేషనుతో రెండోసారి మాట్లాడితే పాయింటు కూడా రాదు!" అని బాబాయి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

"ఆయన సంతోషపడి వెళ్లాడు బాబాయ్. అబద్ధానికి సంతోషపడ్డాడు."

వెతగ్గా వెతగ్గా తాత దొరికాడు. ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అది అయ్యేదాకా ఆగి, పిలిచింది.

"తాతగారూ, ఇందాక తప్పు చెప్పాను. మా ఆయన చనిపోయారు."

"గరగరగా ఉందమ్మా. మావాడు ఏమయ్యాడూ? మళ్లీ చెప్పు."

"మా ఆయన చనిపోయారు."

"అందలేదు తల్లీ. గట్టిగా చెప్పు, గట్టిగా!"

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. జనరేటరు దగ్గరున్న వాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా అరిచింది.

"చనిపోయారు! మా ఆయన చనిపోయారు తాతగారూ! లేరు!"



"అందిందమ్మా" అన్నాడు తాత. "ఇప్పుడు అందింది."

పిలవాల్సిన స్టేషన్లు ఇంకా ఉన్నాయి. అద్దాలక్క కూర్చుంది, డయలు తిప్పింది, మైకు స్విచ్చి నొక్కింది. వదిలేసింది. మళ్లీ నొక్కింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. గడ్డం వణుకుతోంది, ఆ సంగతి ఆమెకు తెలుస్తోంది.

ఆడపడుచు ఆమె వేళ్లు ఒక్కొక్కటే స్విచ్చి మీంచి విడదీసి, చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది.

"చాల్లే వదినా" అంది. "ఇక ఏడువు."