చేతికి తగిలిన వేడి

మా మిషన్ ఆసుపత్రి డ్రైవరన్న ఇక లేడు. పోయిన సోమవారం ఉదయం నేను కట్టుగుడ్డలు ఉడకబెడుతుంటే, అరకు నుంచి ఘాటు దిగి వచ్చిన ఆయన తమ్ముడు గుమ్మంలో నిలబడి చెప్పాడు. "అన్న పోయాడమ్మా. నాలుగు రోజులు సలిజొరం. మీకు కబురంపేలోపే అయిపోనాది." సెలవు మీద ఇంటికి వెళ్ళిన మనిషి. జ్వరాలకు మందిచ్చే చోట ఇన్నేళ్ళు పనిచేసి, ఆ జ్వరంతోనే పోయాడు.

ఆయన కొండమనిషి. మొదట్లో రోగుల్ని డోలీలో మోసుకొచ్చేవాడు. మిషన్ వాళ్ళు మోటారు కారు తెప్పించినప్పుడు డాక్టరమ్మ ఆయనకే దాన్ని నేర్పించింది. "ఘాటులో ప్రతి మలుపూ కాళ్ళతో ఎరిగినవాడు. ఇంకెవరికి నేర్పను?" అందామె. ఆయనకు అక్షరం ముక్క రాదు. కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం డాక్టరమ్మ చదివి చెబుతుంటే, బొమ్మలు చూసి అంతా గుర్తుపెట్టుకున్నాడు.

ఆయన్ని తలచుకుంటే నాకు ముందుగా ఒక ఉదయం గుర్తుకొస్తుంది. అనంతగిరి అవతల ఒక ఊళ్ళో ఒక పిల్లకు రెండు రోజులుగా పురిటి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. మా ఇద్దరినీ పంపారు. ఊరి కింద వాగు పక్కన బండి ఆపి, ఆమెను మంచం మీద దించుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టాం. డ్రైవరన్న కాలితో స్టార్టరు నొక్కాడు. లోపల టక్కుమంది. ఇంజను తిరగలేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ టక్కు.

"ఏటైంది మావా?" అన్నాడు ఆ పిల్ల పెనిమిటి.

"సూత్తన్నాను."

ఇలాంటప్పుడు ముందువైపు హేండిలు పెట్టి తిప్పుతారు. ఆ హేండిలు అంతకుముందు వారమే విరిగి కమ్మరి దగ్గరుంది. అందరం తోసి చూశాం. రెండు వైపులా ఎగువ దారి. చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి తప్ప బండి ముందుకు సాగలేదు.

పెనిమిటి తనవాళ్ళను డోలీ కట్టమన్నాడు. డోలీలో అయితే కొండ దిగేసరికి సాయంత్రమవుతుంది. నా వేళ్ళ కింద ఆ పిల్ల నాడి చూస్తే అంతసేపు ఆగేలా లేదు.

డ్రైవరన్న లేచి నిలబడ్డాడు. "కట్టండి, వద్దనను. ఎండ ఆ అవతలి రాయి మీదకొచ్చేదాకా నాకొగ్గీండి. అప్పటికీ బండి కదలకపోతే నానూ ఓ పక్క బుజం పెడతాను."

"అన్నా, బేగి చూడు," అన్నాను.

"మన తొందర బండికి తెలీదు నర్సమ్మా. నాను నొక్కుతాను, నువ్వు దీపాలు సూడు."

దీపాలు బాగానే వెలిగాయి. ఆయన నొక్కగానే ఆరిపోయినంత పనయింది. కాలు తీయగానే మళ్ళీ వెలిగాయి. "బేటరీలో సత్తువుంది. దారిలో ఎక్కడో అడ్డం పడ్డాది," అన్నాడు.

కాళ్ళ కింది పలక ఎత్తి చూస్తే బేటరీ కొనల మీద తెల్లటి పొక్కు కట్టి ఉంది. కత్తితో గీకి, తీగలు బిగించి నొక్కాడు. టక్కు. వెనక ఆ పిల్ల మూలుగు. డోలీ కట్టడం అయిపోయింది. ఆయన తలెత్తి అటు చూడలేదు. నన్ను తన చోట కూర్చోబెట్టి, తాను బండి కిందకి దూరాడు.

"నొక్కు. ఒగ్గీ. మళ్ళీ నొక్కు."

నేను నొక్కుతుంటే ఆయన తీగ పొడుగునా చెయ్యి పెట్టుకుంటూ పోయాడు. "ఇక్కడ సల్లగుంది. ఇదీ సల్లనే..." ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "దొరికింది! కాల్తంది." కరెంటు సాఫీగా పోలేని చోట వేడి పుడుతుందని ఆ తర్వాత నాకు చెప్పాడు. బేటరీ నుంచి బండి చట్రానికి వెళ్ళే తీగ అది. దాని బోల్టు కింద తుప్పూ బురదా పేరుకుపోయి ఉన్నాయి. బోల్టు ఊడదీసి, ఇనుము మెరిసేదాకా గీకి, బిగించాడు. అప్పటికి ఎండ రాయి అంచు తాకింది.

"నొక్కు నర్సమ్మా."

ఇంజను ఒక్కసారిగా అందుకుంది. నేను ఇంకా నొక్కిపట్టే ఉన్నాను. "కాలు తియ్యమ్మా, నడుత్తంది!" అని కింద నుంచి కేకేశాడు.

తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఆ మాట విని డ్రైవరన్న నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. "హేండిలు లేకుండా బండి తీసాను. ఆ తప్పు నాదేనమ్మా," అన్నాడు. హేండిలు ఉన్నా బిడ్డ బతికేదని చెప్పలేం అందామె. "బతక్కపోయుండొచ్చు. అయినా తప్పు నాదే," అన్నాడు. ఆ తర్వాత హేండిళ్ళు రెండు ఉండేవి బండిలో. రోజూ ప్రార్థన గంటకు ముందే బండి కిందకి దూరి ప్రతి తీగా తడిమి చూసేవాడు. "నిన్ననే చూశావు కదన్నా" అంటే, "అది నిన్న" అనేవాడు.

రెండేళ్ళ తర్వాత ఆ ఊరి నుంచే కబురొచ్చింది. ఈసారి నొప్పులు రాకముందే ఆమె, పెనిమిటి వాగు పక్కన మూట పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ముందు మావ ఎత్తుకోవాలని పెనిమిటి పట్టుబట్టాడు. డ్రైవరన్న చేతులు రెండుసార్లు కడుక్కుని, పెట్రోలు వాసన పోయిందో లేదో ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని, అప్పుడు ఎత్తుకున్నాడు. బిడ్డను చాలాసేపు తిరిగివ్వలేదు.

నిన్న డాక్టరమ్మ, నేను డ్రైవరన్న ఊరు వెళ్ళాం. వదిన ఇంట్లో లేదు. కొండవాలులో చోళ్ళు, అదే రాగులు, చల్లే పొలం చెక్కలో ఉంది. పైసగం ఆయన తవ్వి ఉంచాడు. అక్కడి నుంచి కిందకి ఆమె పారతో తవ్వుతోంది. కొన్నాళ్ళు ఆగి చేసుకోవచ్చు కదా అన్నాను.

"సగంలో ఒగ్గీసే మనిషి కాడు కదా నర్సమ్మా," అంది. పార ఆపలేదు.

దిగివస్తూ మలుపులో వెనక్కి చూశాం. సన్నగా తుంపర మొదలైంది. ఆ తడిలో పార పైకి లేస్తోంది, నేలలోకి దిగుతోంది.