మందిరం వెనక చేను

కంకిపాడు దగ్గర మా ఊళ్లో మందిరం వెనక గోడను ఆనుకుని ఉన్న పొలాన్ని మా అన్న కౌలుకు చేసేవాడు. నిరుడు పంట సరిగా రాలేదు. గవర్నర్‌పేటలో దుకాణం ఉన్న పొలం ఆసామి ఈసారి తేల్చి చెప్పాడు: "ఈ సార్వా పంట కూడా ఇంతేనైతే చేపల చెరువుకిచ్చేస్తానయ్యా."

ఆ వేసవిలోనే సంఘమంతా కలిసి మందిరం ముందు ఎత్తైన స్తంభం వేయించాం. పైనున్న సిలువ రాత్రంతా కనబడేలా పెద్ద లైట్లు బిగించాం. రోడ్డు మీద బస్సుల్లోంచి కూడా సిలువ కనబడుతుంటే నా గుండె నిండిపోయేది.

దసరా దాటింది. చుట్టూ చేలన్నీ పొట్టకొచ్చి కంకులు తీశాయి. అన్న చేను మాత్రం ఏపుగా ఆకు వేస్తూనే ఉంది.

"నా వరి కూడా మీతోపాటు ఆల్‌నైట్ ప్రేయర్‌లో కూర్చుందే చెల్లీ, నిద్రే పోవట్లేదు" అని నవ్వాడు అన్న.

చేను చూడవచ్చిన వ్యవసాయాధికారి నవ్వలేదు. చేను నడుమ, రాత్రి ఆ లైట్లకు మందిరం నీడ పడినంత మేర కంకులున్నాయి. ఇరుపక్కలా లైటు పడినచోట ఒక్కటీ లేదు.

"మొక్కలోపల గడియారం ఉంటుందమ్మా. రాత్రి ఎంత పొడుగో కొలుచుకుంటుంది. ఈ రకం వరి, రాత్రులు పొడుగైతేనే కంకి వేస్తుంది. ఈ లైటుకి దానికింకా పొద్దు గూకలేదు."

సంఘ పెద్ద దగ్గరికి వెళ్లాను. "కోతలయ్యేదాకా లైట్లు ఆపించండి బాబాయ్."

"సిలువ మీద లైటార్పమంటున్నావా? సండేస్కూల్ టీచరువై ఉండి?"

"రాత్రిని చేసింది కూడా దేవుడే కదా బాబాయ్."

"నాకే వాక్యం చెబుతున్నావటే! సరే, కమిటీలో పెడదాంలే."

కమిటీ ఒప్పుకుని ఆర్పించేసరికి కాలం మించిపోయింది. ఆలస్యంగా కంకులు వచ్చాయి గానీ, అవి పాలు పోసుకునే వేళకు కాలువ నీళ్లు కట్టేశారు. గింజ నిండక అన్నీ తాలుగా మిగిలాయి.

కోత పండుగనాడు ప్రతి ఇంటివాళ్లూ తమ పంటలో కోసి కట్టిన మొదటి పనను ఆరాధన బల్ల ముందు పెట్టడం మా ఆచారం. అన్న నీడలో పండిన కంకులు తెస్తాడనుకున్నాను. బంగారంలాంటి పనల మధ్య పచ్చి గడ్డిలాంటి పన ఒకటి తెచ్చి పెట్టాడు.

సంఘ పెద్ద వంగి తడిమి చూశాడు. "ఇదేంట్రా, దేవుడికి తాలు తెచ్చావు?"

"లైటు కింద పండింది ఇదేనండి."

పాస్టరుగారు అన్ని పనల మీదా ఒకే స్తోత్రం చెల్లించారు. ఆమెన్ అన్నాను.

కొత్త సంవత్సరంలో ఆ పొలంలోకి పొక్లెయిన్ దిగింది. చెరువుకి మట్టి తీస్తున్నంతసేపూ అన్న గట్టు మీద నిలబడే ఉన్నాడు. సిలువ లైట్లు మళ్లీ వేశారు. ఇప్పుడు ఆపమని అడిగేవాళ్లెవరూ లేరు.