అక్క తెరిపించిన బీరువా

మా పక్కింటి అక్క పోయిన వారం కన్నుమూసింది. పొద్దున గేటు దగ్గర నాతో మాట్లాడి లోపలికి వెళ్లిన మనిషి, మధ్యాహ్నానికి దవాఖానలో ఇక లేదన్నారు. ఆమె బిడ్డ ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. భయమేసింది. ఇకమీద భయమేస్తే ఎవరి గడప ఎక్కాలన్న భయం.

ఇబ్రహీంపట్నంలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. నా భర్త హఠాత్తుగా పోయాక ఆయన బీరువాను ఏడాది దాటినా నేను తెరవలేదు. తెరిస్తే ఆయన వాసన ఒక్కసారిగా బయటికొచ్చి, ఇక ఎప్పటికీ లేకుండా పోతుందని జంకు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్క మాత్రం ఒకరోజు వచ్చి బీరువా ముందు చాప పరుచుకుని కూర్చుంది.

"ఇయ్యాల ఒక్క అరనే తీద్దాం చెల్లె. బుగులైతే మూసేద్దాం," అంది.

ఆ రోజు నిజంగానే మూసేశాం. తలుపు కిర్రుమనగానే నేనే దాన్ని వెనక్కి నెట్టాను. ఆమె చాయ్ తాగి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది. అలా ఎన్ని మధ్యాహ్నాలు వచ్చిందో. ఒక్కో అంగీ తీసి ఒళ్లో పెట్టుకుని, ఇది ఎక్కడ కొన్నారు, ఎప్పుడు వేసుకునేవాడు అని అడిగేది. పారేయమని ఎన్నడూ అనలేదు. ఎవరికిస్తున్నావో ముఖం చూసి ఇవ్వమనేది. ఆయన వాచీ ఇవ్వలేనంటే, దాన్ని నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

ఒకసారి బస్టాండ్ దగ్గర జనంలో ఆయన నీలిగళ్ల అంగీ కనిపించింది. వెనక నుంచి అవే భుజాలు. పిలవబోయి ఆగాను. తిరిగితే ఆయన ముఖం ఉంటుందేమోనని భయం, ఉండదేమోననీ భయం. తిరిగింది మేము ఆ అంగీ ఇచ్చిన ఆటో అతను. బాగున్నారా అని పలకరించాడు. నేను ఇంటికొచ్చి చెబితే అక్క నా వీపు నిమిరింది.

"బీరువల ఉన్నన్ని దినాలు అది నిన్ను బెదిరిచ్చింది. ఇప్పుడు ఒకల ఒంటి మీద ఎండల తిరుగుతున్నది. తిరగనియ్యి."

ఆమెది అద్దె ఇల్లు, ఖాళీ చేయాలి. నిన్న మీర్‌పేట్ నుంచి బిడ్డ వచ్చింది. తాళం తీయకుండా మా గుమ్మంలోనే నిలబడింది.

"చిన్నమ్మా, నాకు బుగులైతున్నది. నువ్వు గూడ రా."

నాకూ అంతే భయంగా ఉందని చెప్పలేక, చెయ్యి పట్టుకుని వెళ్లాను. ఎంత సామాను మీద పడుతుందోననుకున్నాం. బీరువాలో నాలుగు చీరలు, ఒక శాలువా. అంతే. ఉన్నప్పుడే అన్నీ ఇచ్చేసింది. పిల్ల ఖాళీ అరల్లో చెయ్యి పెట్టి మూలలదాకా తడిమింది. అమ్మది ఏం మిగలలేదని మెల్లగా అంది. నిండు బీరువా కంటే ఖాళీ బీరువా ఎక్కువ భయపెడుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ భయానికి అక్క ఏం చెప్పేదో నాకు తెలియదు.

తాళం వేసే ముందు మేడ మీదికి వెళ్లాం. అక్కడ ఒక పాత చీర మీద చల్ల మిరపకాయలు పరిచి ఉన్నాయి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు. సాయంత్రం తీసి మళ్లీ చల్లలో వేద్దామని, పోయిన రోజు పొద్దున అక్క ఆరబెట్టుకున్నవి. ఇన్నాళ్ల ఎండకు తెల్లబడ్డాయి. బిడ్డ గొంతుక్కూర్చుని ఒక్కొక్క మిరపకాయనూ రెండోవైపుకు తిప్పడం మొదలుపెట్టింది. నేనూ ఆమె పక్కన కూర్చున్నాను.