బోర్డుకు ఎదురుగా వేసిన కుర్చీ

మణుగూరులో ఓ కాలేజీ ఊడ్చే ముసలిదాన్ని నేను. నాకు చదువు రాదు, చెప్తుంటే మనవరాలు రాస్తోంది. అది ఆ కాలేజీలోనే చదువుతోంది. పాఠాలు అర్థంకాక మానేస్తానంటోంది.

మా లెక్చరర్లు ఈ మధ్య ఒకరి క్లాసులో ఒకరు కూర్చుని మంచిచెడ్డలు చెప్పుకుంటున్నారు. ఈ రోజు ఓ సారు పాఠానికి ఓ మేడమ్ వచ్చింది. మర్యాదకని పిల్లలందరి ముందు, బోర్డుకు ఎదురుగా కుర్చీ వేశాను. గంటసేపు బోర్డునే చూసి, "బాగా చెప్పారు సార్" అంది.

నాకు ఒళ్లు మండింది.

"ఎనక బెంచీల పిల్లల మొకాలు చూసిన్రా మేడమ్?"

"కుర్చీ ముందటేసింది నువ్వే గదా అవ్వా!"

మేడమ్ మళ్లీ వచ్చే నెల వస్తుందట. ఈసారి కుర్చీ ఆఖరి బెంచీ పక్కనే వేస్తాను. అందాకా చదువు మానకుండా ఈ పిల్లను ఎట్లా ఆపాలో మీరే చెప్పండి.