బగ్దల్‌లో బిగుసుకుపోయిన బోల్టు

2022లో వానలు తగ్గుముఖం పట్టిన రోజులవి. బీదర్ బస్టాండుకు కాస్త దూరంలో కార్లు బాగుచేసే చిన్న షెడ్డు నాకొకటి ఉంది. పని చేసేది నేనొక్కణ్ణే. ఒక ఉదయం బగ్దల్ నుంచి ఫోను వచ్చింది. అవతల ఆడమనిషి గొంతు.

"అన్నా, కారు ఇంజను నేనే విప్పిన. ఒక్క బోల్టు వస్తలేదు. జర వచ్చి చూస్తవా?"

ఫోనులో వీడియోలు చూసి ఇంట్లోనే బండి విప్పుకుని, మధ్యలో ఆగిపోయినవాళ్ళు నాకు ఫోను చేస్తూనే ఉంటారు. ఈమె మాత్రం వాటర్ పంపు కారుతోందనీ, బెల్టు కవరు దాకా వచ్చాననీ, క్రాంక్ పుల్లీ దగ్గర పని ఆగిపోయిందనీ వరసగా చెప్పింది. ఇంజనులో తిరిగే ఇరుసు చివర బిగించి ఉండే చక్రమే క్రాంక్ పుల్లీ. దాని నడుమ ఉండే పెద్ద బోల్టు ఊడితే తప్ప ఆ బండిలో పంపు చేతికి అందదు. సామాను సర్దుకుని బయలుదేరాను.

ఇల్లు ఊరి చివర, కందిచేను పక్కన. రేకుల కింద పాత చిన్న కారు, ముందు కుడి చక్రం తీసేసి ఉంది. విప్పిన భాగాలన్నీ ఒక గోనెపట్టా మీద, విప్పిన వరసలోనే పెట్టి ఉన్నాయి. ఆమె పేరు మానెమ్మ. నలభై దాటి ఉంటాయి. భర్త మొగులప్ప ఆ కారునే కిరాయికి తిప్పేవాడట. చలికాలంలో పోయాడు. పిల్లలు లేరు.

డ్రైవరు సీటు వైపు చూసి ఆగిపోయాను. బ్రేకు పెడలు మీద ఒక కర్ర మోపి, రెండో కొసను సీటుకు ఆనించి తాడుతో కట్టి ఉంది.

ఆ బోల్టును తిప్పబోతే దాంతో పాటు ఇంజను కూడా తిరుగుతుంది. అందుకని గేరు వేసి, ఒకరు సీట్లో కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కిపెట్టాలి. ఇంకొకరు కింద పానా తిప్పాలి. నా షెడ్డులో గాలితో తిరుగుతూ బోల్టులు విప్పే గన్ను ఉంది కనుక నాకు రెండో మనిషి అవసరం పడదు. ఈమెకు ఆ గన్నూ లేదు, ఆ మనిషీ లేడు.

"ఎవరినన్న పిలవకపోయినవా చెల్లె?" అన్నాను.

"మా మరిదిని పిలిస్తే పాత ఇనుప సామానోనికి అమ్మెయ్ అంటడు. సంతపూర్ల ఒక మాస్టరు నడిచే బండైతే తీస్కుంటనన్నడు. అమ్ముత అన్నా, నేనేం చేసుకుంట? కాని ఈడికెల్లి దాని చక్రాల మీద అదే పోవాలె. ముక్కలు చేసి తీస్కపోతుంటే నేను చూడలేను."

కర్ర తీసేసి ఆమెను సీట్లో కూర్చోమన్నాను. ఏం చెయ్యాలో చెప్పబోతే వద్దంది.

"నాకెరుకనే. ఆయన కిందుంటుండె, నేను ఈడ కూసుంటుంటి. ఊరి ముచ్చట్లన్ని చెప్పుకుంట, నడుమల తొక్కు, ఇడువు అంటుండె. ఆయన పోయినంక నన్ను తొక్కు అన్నోళ్ళు లేరు."

"తొక్కు," అన్నాను.

బోల్టు కదల్లేదు. ఆమె చాలాసార్లు ప్రయత్నించి ఉంటుంది, తల మూలలు అరిగి గుండ్రబడుతున్నాయి. ఇలాంటప్పుడు మొండికి పోతే తల విరిగి కాడ లోపలే ఉండిపోతుంది. అప్పుడు ఇంజను మొత్తం దించాలి. ఆ ఖర్చు కన్నా ఇనుప సామానువాడికి ఇవ్వడమే నయమంటారు ఎవరైనా. తుప్పు వదిలించే నూనె కొట్టి, సుత్తితో చిన్నగా తట్టి, నాననిచ్చాను. ఆమె చాయ్ తెచ్చింది. ఇద్దరం బండి పక్కనే నిలబడి తాగాం.

తర్వాత బోల్టు తలను గట్టిగా పట్టుకునే ఆరు మూలల సాకెట్ ఎక్కించాను. విప్పే ముందు ఒక్క రవ్వ బిగించే వైపే ఒత్తాను. తుప్పు బిగువు అలా వదులుతుంది. పానాకు పొడుగాటి పైపు తొడిగి విప్పే వైపు లాగాను. టప్పుమంది. విరిగిందనే అనుకున్నాను. కాసేపు పానా ముట్టుకోబుద్ధి కాలేదు. మెల్లగా తిప్పి చూస్తే బోల్టు మొత్తంగా బయటికి వచ్చింది.

దాని కిందున్న వాషరు పుల్లీ ముఖంలోకి దిగబడిపోయి ఉంది.

"ఇది ఎవరు బిగించిన్రు చెల్లె?"

"ఆయననే."

"పైపు పెట్టి బిగించినట్టుంది."

ఆమె సీట్లోంచి లేవలేదు. కింద ఉన్న నాకు ఆమె ముఖం కనబడటం లేదు, గొంతు మాత్రం వినిపించింది.

"పైపు నేనే అందిచ్చిన. అప్పటికే ఆయన కుడిచెయ్యి పట్టు తప్పింది అన్నా. ఎంత బిగిస్తుండో ఆయనకే తెలుస్తలేకుండె. తొవ్వల ఊడిపోతదేమోనని ఇంకింత, ఇంకింత తిప్పిండు. ఎవ్వరికి చెప్పకు, కిరాయిలు బందైతయి అన్నడు. నేను చెప్పలే. ఆయన పోయిన నాడు అందరు, నిన్నటిదాంక మంచిగనే ఉండె గద అన్నరు. అప్పుడు సుత చెప్పలే. నీకే చెప్తున్న."

బోల్టును గోనెపట్టా మీద పెట్టాను. "కాలు తియ్యి చెల్లె, బోల్టు వచ్చింది," అన్నాను.

"జరసేపు ఉండనీ."

ఉండనిచ్చాను.

కొత్త పంపు, కొత్త బెల్టు ఎక్కించి, పుల్లీ ముఖాన్ని ఆకురాయితో సాపు చేసి, కొత్త బోల్టు పెట్టాను. దాన్ని బిగించడానికి టార్క్ రెంచ్ తీశాను. ఎంత బలంతో బిగించాలో ముందే పెట్టుకుంటే, అంత బలం పడగానే టక్కుమనే పానా అది. ఈసారి నేను సీట్లో కూర్చుని బ్రేకు తొక్కిపెట్టి, రెంచ్ ఆమె చేతికిచ్చాను.

"చప్పుడు కాంగనే ఆపు."

టక్కుమంది. ఆపేసింది. చెయ్యి మాత్రం పిడి మీదే ఉంది.

"గింతేనా?"

"గింతే. ఎక్కువ అక్కర్లే."

ఇంజను మొదటిసారికే అందుకుంది. కింద ఎక్కడా నీటి చుక్క లేదు. నేను తిరిగి బయలుదేరేటప్పుడు కూడా ఆమె బానెట్ పక్కనే నిలబడి, నడుస్తున్న ఇంజనును చూస్తూ ఉంది.

కొన్నాళ్ళకు మళ్ళీ ఫోను చేసింది. "మాస్టరొచ్చి తీస్కపోయిండన్నా. మలుపు దాంక చప్పుడు వినొచ్చింది. రేకుల కింద ఊడ్చిన. ఊడ్చినంక ఏం చెయ్యాల్నో తెల్వలే." నేను ఫోను పెట్టెయ్యకుండా షెడ్డు గడపలో కూర్చున్నాను.

అతిగా బిగించిన బోల్టు ఎదురైతే, దాన్ని బిగించినవాణ్ణి తిట్టుకోవడం మా పనివాళ్ళకు అలవాటు. ఆ కారు తర్వాత నేనది మానేశాను. ఇప్పుడు బండి తెచ్చినవాళ్ళను అడుగుతాను, ఇది బిగించినాయన బాగున్నాడా అని. చాలామంది నవ్వేస్తారు. ఒక్కొక్కరు మాత్రం వెంటనే జవాబు చెప్పరు. అప్పుడు పానా పక్కన పెట్టి, వాళ్ళకు స్టూలు జరుపుతాను.